పొగలో ఎండిన మిరప: లా వెరా పిమెంతోన్ డబ్బా

మాది గుంటూరు జిల్లాలో మిరప పండించే ఊరు. మాడ్రిడ్‌ వచ్చి నాలుగేళ్లయింది. ఇక్కడ చిన్న రేకు డబ్బాల్లో అమ్మే పిమెంతోన్ అనే పొగ పట్టిన మిరప పొడిని మొదటి ఏడాదంతా కారం అనుకునే వాడాను. పప్పులో వేసినా, చారులో వేసినా పొయ్యి దగ్గరి పొగ వాసనే. నచ్చక పక్కన పెట్టేశాను.

కిందటి అక్టోబరులో లా వెరా వెళ్లాక నా అభిప్రాయం పూర్తిగా మారింది. స్పెయిన్‌లోని కాసెరెస్ ప్రావిన్సు ఉత్తర భాగంలో, గ్రెదోస్ కొండల దక్షిణపు వాలులో ఉంటుందీ ప్రాంతం. సరిగ్గా కాయ కోసే రోజుల్లోనే అక్కడ వానలు మొదలవుతాయి. కల్లంలో ఎండబెడదామంటే కుదరదు. అందుకని రెండంతస్తుల ఎండబెట్టే ఇళ్లు కట్టుకున్నారు. కింద ఓక్ కట్టెల నిప్పు, పైన సందులున్న చెక్క అటక మీద పరిచిన కాయ. పది పదిహేను రోజులు రాత్రీ పగలూ పొగ పడుతూనే ఉంటుంది. రోజూ మనిషి పైకెక్కి కాయ తిరగేయాల్సిందే. పెంకుల సందుల్లోంచి పొగ లేస్తున్న ఆ ఇంటిని వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. "వాన పడితే మనం పట్టాలు కప్పుకుని కూర్చుంటాం, వీళ్లు ఏకంగా ఇల్లే కట్టారా అమ్మా! రంగు చెడిన తాలు కాయే ఉండదు" అన్నారు. ఆయన అంత ఆశ్చర్యపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఎండిన కాయని రాతి తిరగళ్లలో నెమ్మదిగా ఆడిస్తారు. పొడి వేడెక్కితే రంగు, వాసన పోతాయి. మా ఊరి మరలో వేడివేడిగా సంచిలో పడే కారం గుర్తొచ్చి కొంచెం బాధనిపించింది.

హరాయీస్ ఊరి నడిబొడ్డు కూడలిలో పిమెంతోన్ మ్యూజియం ఉంది, తప్పకుండా చూడండి. దగ్గర్లోనే యూస్తె మఠం. స్పెయిన్ ఏలి, రాజ్యం వదులుకున్న ఐదో చార్లెస్ చక్రవర్తి 1557లో అక్కడికి చేరి, 1558 సెప్టెంబరు 21న అక్కడే కన్నుమూశాడు. ఈ చుట్టుపక్కల మిరప సాగు మొదలుపెట్టింది ఆ మఠం సన్యాసులేనని స్థానికులు చెప్తారు. అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మొక్కే మా పొలానికీ వీళ్ల పొలానికీ మూలం. ఆ మఠం తోటలో నిలబడి ఈ మాట తలుచుకుంటే ఒళ్లు పులకరించింది. ఇంకో మాట: పక్కనే ఉన్న హరాందియాలో డిసెంబరు 7 రాత్రి చీపుళ్లు వెలిగించి ఒకరినొకరు కొట్టుకునే పండుగ చేస్తారట. ఈసారి దానికోసమే వెళ్తాను.

ఇక డబ్బా సంగతి. మూడు రకాలున్నాయి. దుల్సెలో కారమే ఉండదు, అగ్రిదుల్సె మధ్యస్థం, పికాంతె ఘాటైనది. ఘాటైనదన్నా మన గుంటూరు కారం ముందు ఏ మాత్రం కాదు, కాబట్టి కారం కోసం కొనకండి. నా ఓటు అగ్రిదుల్సెకి. మూత తీయగానే కట్టెల పొయ్యి మీద కాల్చిన వంకాయ వాసన వస్తుంది. డబ్బా మీద ప్రాంతపు గుర్తింపు ముద్ర, నంబరు చూసి తీసుకోండి. దారిలో ఒక కొట్లో ముద్ర లేని పొట్లం చవగ్గా దొరికిందని కొన్నాను. రంగు తప్ప పొగ వాసన లేదు.

కాగే నూనెలో మాత్రం వేయొద్దు, క్షణాల్లో మాడి చేదెక్కుతుంది. అక్కడివాళ్లు ఉడికించి మెదిపిన బంగాళాదుంపల్లో ఇది కలిపి, పైన వేయించిన పంది మాంసం వేసుకుంటారు. నేను మాంసం మానేసి వెల్లుల్లి పోపు పెట్టి, పొయ్యి కట్టేశాక ఒక చెంచా పొడి కలుపుతున్నాను. వంకాయ పచ్చడిలో అయితే చెప్పక్కర్లేదు. గ్యాస్ పొయ్యి మీద చేసినా మా అమ్మమ్మ కుంపటి మీద కాల్చి చేసిన పచ్చడిలాగే ఉంటోంది. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు తీసుకెళ్లడానికి నాన్న కోసం రెండు డబ్బాలు పక్కన పెట్టాను.