సచివాలయ కొలువు, ఓడరేవు కొలువు: చేతికొచ్చే జీతం, తర్వాతి భద్రత

నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్ట నుంచి డిగ్రీ పూర్తిచేసి వచ్చే యువకుడికి గ్రామ సచివాలయం ఒక దారి, కృష్ణపట్నం ఓడరేవు చుట్టుపక్కల సంస్థలు మరొక దారి.

తొలి నెలల జీతమే కొలమానమైతే ప్రభుత్వ కొలువు ఎప్పుడూ మేలని చెప్పలేము. 2019లో సచివాలయాల్లో చేరినవారు ప్రొబేషన్ కాలమంతా నెలకు 15,000 రూపాయలతోనే గడిపారు. ఆ తర్వాతే మూలవేతనం, కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, ఏటా ఇంక్రిమెంటు కలిశాయి. ప్రైవేటులో పెంపుదల నైపుణ్యాన్నీ, యజమానినీ బట్టి ఉంటుంది.

అసలు తేడా పింఛనులో ఉంది. 2004 సెప్టెంబరు తర్వాత చేరిన రాష్ట్ర ఉద్యోగులకు పాత పింఛను (ప్రభుత్వమే పూర్తిగా భరించేది) లేకపోయినా, మూలవేతనం, కరువు భత్యాలపై 10 శాతం వారు చెల్లిస్తే ప్రభుత్వం అంతే జమచేసే పద్ధతి వచ్చింది. ప్రైవేటు ఉద్యోగి భవిష్యనిధికి (పీఎఫ్) యజమాని జీతంపై 12 శాతం ఇస్తాడు; అందులో జీతంపై 8.33 శాతానికి సమానమైన మొత్తం పింఛను ఖాతాకు వెళ్తుంది. కానీ లెక్కకు 15,000 రూపాయల జీతమే గరిష్ఠ పరిమితి కనుక, ఆ పరిమితిలో 28 ఏళ్లు పనిచేసినా నెలకు దాదాపు 6,400 రూపాయలే దక్కుతాయి. ఇది నిజంగా బాధాకరం.

వైద్యానికి ప్రైవేటులో ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) ఉంది, అయితే జీతం 21,000 రూపాయలు దాటితే వర్తించదు. అప్పుడు సంస్థ ఇచ్చే బీమాయే దిక్కు, అది సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది. భవిష్యనిధి జమకు ఆధారం మూలవేతనమే కాబట్టి, నియామక పత్రంలో మొత్తం ప్యాకేజీని కాక, అది ఎంతో ముందుగా చూడాలి.