వీణకు మళ్లీ మేళం వేయించాను, గాంధారం దొరికింది

విజయవాడలో వీణ ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. పోయిన నెల నా బొబ్బిలి వీణకు మేళం వేయించాను, అంటే మెట్లను మైనంలో మళ్లీ అమర్చి స్వరాలు సరిచేయించాను.

రెండేళ్ల కిందట వేరే ఒకతను ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని, ముల్లు మధ్యకు రాగానే మెట్టు అతికించేశాడు. పని తొందరగా అయిపోయింది. ఆ రోజు నుంచి తంబూరాతో కల్యాణి రాగం వాయిస్తే గాంధారం దగ్గర చెవికి గుచ్చుకునేది. ట్యూనర్ చూపేది కీబోర్డు గాంధారం, షడ్జమం నుంచి 400 సెంట్లు (సెంటు అంటే స్వరాల మధ్య దూరానికి కొలత, కీబోర్డులో పక్కపక్క మీటల మధ్య 100). తంబూరా మంద్ర తీగలోంచి తనంతట తాను వినిపించే అంతర గాంధారం (కల్యాణిలో వచ్చే గాంధారం) 386. తేడా 14 సెంట్లే. కానీ వీణలో తీగ లాగి స్వరం పెంచగలం గానీ మెట్టు కంటే కిందికి దించలేం. నా చేతిలోనే తప్పుందనుకుని రెండేళ్లు బాధపడ్డాను.

ఈసారి వచ్చిన పెద్దాయన ట్యూనర్ తీయలేదు. తంబూరా పెట్టించి, "ఏ రాగాలు ఎక్కువ వాయిస్తావమ్మా?" అని అడిగారు. ఎందుకో మధ్యాహ్నానికి అర్థమైంది. సారణి (షడ్జమానికి శ్రుతి చేసే మొదటి తీగ) మీద చతుశ్రుతి రిషభం పలికే మెట్టే పంచమం తీగ మీద చతుశ్రుతి ధైవతం పలకాలి. రిషభాన్ని పంచమంతో కలిపి 9/8 దగ్గర (షడ్జమం కంపనాలకు 9/8 రెట్లు) పెడితే ధైవతం 27/16 అవుతుంది. మధ్యమంతో హాయిగా కలిసే ధైవతం 5/3. రెండింటికీ మధ్య దాదాపు 22 సెంట్లు. నాట్యశాస్త్రంలో భరతుడు రెండు వీణలు తీసుకుని, ఒకదాని పంచమం కాస్త దించి చూపిన ప్రమాణ శ్రుతి అనే చిన్న స్వర భేదాన్ని లెక్కకట్టేది ఈ తేడాగానే. ఒక్క మెట్టు రెండూ పలకదు, ఏది ఉంచాలో వాయించే రాగాలను బట్టి తేల్చుకోవాలి. ఆయన రిషభాన్నే సరిగ్గా ఉంచి, "మంద్ర ధైవతం కావాలంటే వెనక మెట్టు మీంచి లాగి అందుకో" అని వాయించి చూపించారు. ఎంత బాగుందో!

24 మెట్లకు సాయంత్రం దాకా పట్టింది. గాంధారం మెట్టును మైనంలో ఎన్నిసార్లు కదిపారో లెక్కలేదు. చివరికి మీటి చూస్తే స్వరం తంబూరాలో కలిసిపోయింది, నాకు కళ్లు చెమర్చాయి.

మజూరీ మునుపటి అతను తీసుకున్నదానికి రెట్టింపు. మా ఎండలకు మైనం మెత్తబడి వారంలో రెండు మెట్లు కుంగాయి, డబ్బు తీసుకోకుండా వచ్చి సరిచేశారు. ఎండాకాలం పోయాకే వేయించుకోండి. తంబూరా మీరే సిద్ధంగా ఉంచుకోండి, ఆయన దగ్గరున్న ఎలక్ట్రానిక్ తంబూరాకు ఛార్జింగ్ నిలవడం లేదు.