పండ్ల ముక్కల్లోకి ఏ ఉల్లి మేలు: విడాలియానా, ఎర్ర ఉల్లిగడ్డా?

అమెరికాలో ఏప్రిల్ సగమయ్యేసరికి జార్జియా విడాలియా ఉల్లి అంగళ్లలోకి దిగుతుంది. 1986 నాటి చట్టం ప్రకారం అక్కడ నిర్ణయించిన కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) పండినదానికే ఆ పేరు. అట్లాంటా వైపున్న మన ఇళ్లలో అప్పుడొచ్చే ప్రశ్న: అన్నిటికీ ఇదే వాడొచ్చా? వద్దు. పండుతో పచ్చిగా కలపడానికి విడాలియా, పొయ్యి ఎక్కించడానికి ఎర్రది.

విడాలియాను తీపి ఉల్లి అంటారు కాబట్టి చక్కెర ఎక్కువని అనుకుంటారు. నిజానికి ఘాటు తక్కువ, అంతే. అక్కడి ఇసుక నేలల్లో గంధకం తక్కువ కాబట్టి ఘాటు పుట్టించే సరుకు గడ్డలో పెద్దగా చేరదు, ఉన్న తీపి నాలుకకు తెలుస్తుంది. గడ్డలో నీరు మాత్రం ఎక్కువ. కోస్తుంటే కత్తి వెంట రసం కారుతుంది.

గట్టిగా ఉన్న ఒక దోరమామిడి ముక్కల్లో సగం విడాలియా పల్చగా చీరి వేయండి. పావు చెంచా ఉప్పు, చిటికెడు కారం, అరచెక్క నిమ్మరసం, కొత్తిమీర. నానబెట్టే పనే లేదు. జార్జియా పీచ్ పండుకూ ఇదే కొలత. పుచ్చకాయకైతే ఉప్పు వడ్డించేముందే చల్లాలి, లేకపోతే గిన్నె నిండా నీళ్లే. ఎర్ర ఉల్లితో చేస్తే మామిడి వాసన అణిగిపోతుంది. అదే ఉంటే చీరి, 15 నిమిషాలు ఐసునీళ్లలో ఉంచి, పిండి, గుడ్డమీద ఆరబెట్టండి. ఘాటు తగ్గుతుంది గానీ విడాలియా కమ్మదనం రాదు.

పులుపు ఆపిల్ పచ్చడికి లెక్క తిరగబడుతుంది. వేడికి ఘాటు పోయి, ఎర్ర ఉల్లికి లోతైన రుచి వస్తుంది. విడాలియాకు ఆ ఘాటే లేదు కాబట్టి చప్పగా తీపెక్కుతుంది. పైగా నీరు ఇగరడానికే చాలాసేపు పడుతుంది. 300 గ్రాముల ఎర్ర ఉల్లిని రెండు చెంచాల నూనెలో సన్నసెగ మీద గోధుమరంగు వచ్చేదాకా వేయించి, ఆ తరవాతే ఒక ఆపిల్ తరుగు వేయండి. ముందే వేస్తే పులుపుకి ఉల్లి మెత్తబడదు, రంగూ రాదు.

విడాలియా ఎక్కువ రోజులు ఆగదు. ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒకదానికొకటి తగిలితే ఆ చోటినుంచే కుళ్లు మొదలవుతుంది.