టర్బో మానిఫోల్డ్ చేయిస్తున్నారా? పైపు లోపల చూడకుండా డబ్బు కట్టకండి

నెల్లూరు, ఒంగోలు వైపు బండికి టర్బో (పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే యంత్రం) పెట్టించే ఆలోచనలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హైవే పక్కన షెడ్డు పెట్టుకుని, "కస్టమ్ టర్బో మానిఫోల్డ్, 304 స్టెయిన్‌లెస్, లైఫ్‌టైమ్ గ్యారంటీ" అని రోజూ రీల్స్ వదిలే ఒకాయన దగ్గర నేను ఈ పొగ పైపుల మానిఫోల్డ్ చేయించాను. 42 వేలు తీసుకున్నాడు. ఇచ్చిన సరుకు 304 రకం స్టెయిన్‌లెస్ కాదు. లోపల వేసింది వెల్డింగ్ అనడానికి లేదు. అది పగిలింది, లోపలి పెచ్చులు ఊడి టర్బోలోకి పోయాయి, అందులో పొగ తోపుకి తిరిగే టర్బైన్ వీల్ రెక్కలు కొరికేసినట్టు అయిపోయాయి. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి షాపు పేరు ఇక్కడ రాయను. పేరు కంటే ఆ పని ఎలా ఉందో తెలియడం మీకు ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ఇలాంటి పని చేసేది ఆయనొక్కడే కాదు.

బండి పాత హోండా సిటీ వీటెక్, 1.5 లీటర్ల పెట్రోల్. చెన్నై దాటాక ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద తిప్పడానికే పెట్టుకున్నాను, అక్కడికి కూడా ట్రైలర్ మీదే తీసుకెళ్తాను. ఈ మాట ఎందుకంటే, రోడ్డు మీద తిరిగే బండికి టర్బో బిగిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డం వస్తుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్నదానికి బండి తేడాగా ఉండకూడదని అందులో ఉంది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది అదే. టర్బో పెడతామని చెప్పే షాపు ఒక్కటీ ఈ సంగతి చెప్పదు.

ఇక అసలు విషయం. మానిఫోల్డ్ అంటే నాలుగు సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చి టర్బోకి అందించే పైపుల గుత్తి. చూడ్డానికి నాలుగు బెండు పైపులు, బోల్టులతో బిగించే రెండు పలకలు (ఫ్లాంజీలు). కానీ ఫుల్ లోడ్‌లో పెట్రోల్ టర్బో ఇంజిన్ పొగ అక్కడ 850 నుంచి 950 డిగ్రీల దాకా ఉంటుంది, పైపు ఎర్రగా కాలుతుంది. స్టెయిన్‌లెస్ వేడికి బాగా సాగే లోహం. 40 సెంటీమీటర్ల పైపు 800 డిగ్రీలు వేడెక్కితే 5 మిల్లీమీటర్లకు పైనే పెరుగుతుంది. అటు చూస్తే ఇంజిన్ హెడ్ అల్యూమినియం, లోపల నీళ్లు తిరుగుతుంటాయి, అది 90 డిగ్రీల దగ్గరే ఉంటుంది, పెద్దగా కదలదు. ఇటు చివర కిలోల బరువున్న టర్బో వేలాడుతుంటుంది. ఈ లాగుడంతా పడేది వెల్డింగ్ జాయింట్ల మీద. కిటికీ గ్రిల్లుకి వేసినట్టు వేస్తే నిలబడదు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఆయన వాట్సాప్‌లో రాసిచ్చింది ఇది: 304 పైపు, షెడ్యూల్ 10 మందం, 12 ఎంఎం ఫ్లాంజి, లోపల ఆర్గాన్ గ్యాస్ నింపి (పర్జింగ్) వెల్డింగ్, తర్వాత ఫ్లాంజి ముఖాన్ని మెషీన్ మీద చదును చేసే సర్ఫేస్ గ్రైండింగ్. రాసింది రాసినట్టు చేసి ఉంటే ఆ రేటుకి మంచి బేరమే. వచ్చిన పీసు పైకి కూడా ముచ్చటగా ఉంది. వెల్డింగ్ పూసలు వరసగా, బంగారు రంగు నీలం రంగు కలిసి మెరుస్తున్నాయి. ఆర్గాన్ వెల్డింగ్‌లో చెయ్యి తిరిగినవాడు బయటివైపు అంత అందంగా వేయడం పెద్ద విషయం కాదు. రీల్స్‌లో కనిపించేది కూడా ఆ బయటివైపే.

బిగించాక మొదట వచ్చింది శబ్దం. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మంటుంది, వేడెక్కాక తగ్గిపోతుంది. చాలామంది మెకానిక్‌లు ఇంజిన్ వాల్వుల దగ్గరి ట్యాపెట్లు అనుకుని వాటి వెంట పడతారు. కానీ మానిఫోల్డ్‌లో చీలిక ఉన్నా సరిగ్గా ఇలాగే ఉంటుంది, వేడికి పైపు సాగి చీలిక మూసుకుంటుంది కాబట్టి. మా మెకానిక్ టార్చి వేసి చూస్తే, నాలుగు పైపులు కలిసే కలెక్టర్ దగ్గర వెల్డింగ్ పక్కనే వెంట్రుక మందం గీత, దాని చుట్టూ మసి. ఈ లీకు వల్ల రెండు నష్టాలు. టర్బోకి అందాల్సిన పొగ బయటికి పోయి బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) ఆలస్యంగా వస్తుంది. పొగ ఒక్కో ఊపుకి మధ్య బయటి గాలి లోపలికి లాగేసి ఆక్సిజన్ సెన్సర్‌ను తప్పుదారి పట్టిస్తుంది. పెట్రోలు తక్కువైందని ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) అనుకుని ఇంకా పోస్తుంది. పైగా ఈ ఇంజిన్‌లో మానిఫోల్డ్ ముందువైపు, రేడియేటర్ పక్కనే ఉంటుంది. చీలికలోంచి వచ్చే మంట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పాలా.

ఆయనకు ఫోన్ చేస్తే, "అన్నా, నువ్వేం టెన్షన్ పడబాక, ఇప్పి పంపించు, ఒక కోటింగ్ వేసి ఇస్తా" అన్నాడు. అలాగే వేసి పంపాడు. చీలికను చివరిదాకా గ్రైండ్ చేసి, రెండు కొసల్లో చిన్న రంధ్రం వేసి, అప్పుడు నింపాలి. అదేం లేకుండా చీలిక మీదే ఇంకో పూస పోశాడు. సహజంగానే ఆ పూస పక్కన ఇంకో గీత మొదలైంది. ఈసారి అది తెలిసేలోపే టర్బోలోంచి సన్నటి ఈల లాంటి కూత మొదలైంది. విప్పి చూస్తే టర్బైన్ వీల్ అంచులు రంపం పళ్లలా ఉన్నాయి. అది నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే చక్రం. ఇసుక రేణువంత పెచ్చు తగిలినా చాలు.

మా బావ వెల్డర్. కృష్ణపట్నం పోర్టు దగ్గర నేలటూరు థర్మల్ ప్లాంటులో షట్‌డౌన్ పనులకు వెళ్తుంటాడు, బాయిలర్ ట్యూబులు వేసే లైసెన్సు ఉంది. మానిఫోల్డ్ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. బయట చూసి ఏమీ అనలేదు. ఫోన్‌కి తగిలించే కెమెరా వైరు లోపలికి పంపి చూశాడు, తర్వాత కటింగ్ వీల్ తీసుకుని కలెక్టర్‌ను నిలువునా కోసేశాడు.

లోపల జాయింట్లన్నీ నల్లగా, గరుకుగా, అడుగంటిన బెల్లం పాకంలా గడ్డలు కట్టి ఉన్నాయి. స్క్రూడ్రైవర్‌తో గీరితే పొడిపొడిగా రాలింది. స్టెయిన్‌లెస్ కరిగి ఉన్నప్పుడు వెనకవైపు గాలి తగిలితే ఇలా అవుతుంది. అందుకే పైపు రెండు చివరలూ మూసి, లోపల ఆర్గాన్ నింపి వెల్డింగ్ వేయాలి. దాన్నే పర్జింగ్ అంటారు. దీనికి అసలు పర్జింగే పెట్టలేదు. గ్యాస్ సిలిండర్ ఖర్చు, పైపులు మూసే టైము, రెండూ మిగుల్చుకున్నాడు. రెండుచోట్ల పైపు అంచు కరగనే లేదు, కోసిన గీత అలాగే కనిపిస్తోంది, పైన పూస మాత్రం అంటించినట్టు ఉంది. బావ దాని మీద వేలు పెట్టి, "ఒరే, ట్యూబుకి ఇట్టా వేస్తే ఎక్స్‌రేలో ఒక్క జాయింటు కూడా పాస్ కాదు. గేటు లోపలికి కూడా రానీరు" అన్నాడు.

వెర్నియర్ పెడితే పైపు మందం 1.5 ఎంఎం. మాట్లాడుకున్న షెడ్యూల్ 10 అయితే ఈ సైజు పైపులో 2.77 ఎంఎం ఉండాలి. ఫ్లాంజి 12 అన్నది 6 ఉంది. స్కేలు నిలబెట్టి చూస్తే మధ్యలో వెలుతురు కనిపించేంత వంగి ఉంది. సర్ఫేస్ గ్రైండింగ్ ఊసే లేదు, చేత్తో యాంగిల్ గ్రైండర్ తిప్పిన గీతలు ఉన్నాయి. ఫ్లాంజిలో రంధ్రం ఇంజిన్ హెడ్‌లో పొగ వచ్చే రంధ్రం కంటే చిన్నది, అంటే పొగ బయటికి వస్తూనే గోడకు కొట్టుకుంటుంది. ఇవి చూశాక నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది పైపు రకం. పాత ఇనుము, స్టీలు కొనే షాపుల్లో వాడే టెస్టింగ్ లిక్విడ్ చుక్క వేసి బ్యాటరీ ఆనిస్తే ఎర్రగా తిరిగింది. 202 రకం. మెట్ల రైలింగులకు, గేట్లకు వాడే పైపు. 304లో నికెల్ కనీసం 8 శాతం ఉంటుంది. 202లో అది బాగా తగ్గించి మాంగనీసు కలుపుతారు. మేడ మెట్లకు అది హాయిగా సరిపోతుంది, 900 డిగ్రీల పొగకు కాదు. మాగ్నెట్ పెట్టి చూపించి "అంటుకోవట్లేదు చూడన్నా, ఒరిజినల్ 304" అనే మాట ఆయనా చెప్పాడు, రేపు మీకూ ఎవరో ఒకరు చెబుతారు. 202కి కూడా మాగ్నెట్ అంటుకోదు. ఆ పరీక్షకు విలువ లేదు.

ముక్కల ఫొటోలు పంపితే మాట మార్చాడు. "మీ ట్యూనింగ్ తప్పన్నా, స్పార్క్ టైమింగ్ వెనక్కి పెట్టుంటారు, వేడి ఎక్కువై పగిలింది" అన్నాడు. టైమింగ్ వెనక్కి పెడితే పొగ వేడి పెరిగే మాట నిజమే. కాకపోతే ఆయనే కలెక్టర్ మీద టెంపరేచర్ సెన్సర్ బిగించే మర ముక్క (బంగు) వేసి ఇచ్చాడు, దాని లాగ్ మొత్తం నా దగ్గర ఉంది. ఎక్కడా 870 దాటలేదు. లాగ్ పంపాక "ఇంకో పీసు ఫ్రీగా చేసిస్తా" అన్నాడు. అదే పైపుతో, అదే చేతితో ఇంకోటి చేయించుకుని నేనేం చేసుకోను? డబ్బు వాపసు అడిగాను. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు, రీల్స్ మాత్రం ఆగలేదు.

మీరు ఎవరి దగ్గర చేయించినా సరే, వెల్డింగ్ మొదలు కాకముందే షెడ్డుకి వెళ్లి పైపు చూడండి. మంచి పైపు మీద గ్రేడు, సైజు, హీట్ నంబరు (ఏ విడత కరిగించిన స్టీలో చెప్పే నంబరు) అచ్చు వేసి ఉంటాయి. బఫింగ్ చేసి తళతళలాడే పైపు, అచ్చు ఏమీ లేని పైపు చూపిస్తే అక్కడే ఆగండి. ఇక్కడ దొరకదు అనే మాట నమ్మకండి. మన రొయ్యల ప్లాంట్లు, డెయిరీలు పైపు లైన్లు ఎక్కువగా 304లోనే వేయించుకుంటాయి. ఆ పనులు చేసేవాళ్ల దగ్గర పర్జింగ్ కిట్లు కూడా ఉంటాయి. బెండులు దొరక్కపోతే చెన్నై ప్యారీస్ కార్నర్ వైపు పైపుల షాపుల్లో ఉంటాయి. జాయింటులో కరిగించి నింపే రాడ్డు, అంటే ఫిల్లర్, ఏది వాడతావని అడగండి. 304కి 308ఎల్, ఎం.ఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) ఫ్లాంజికి స్టెయిన్‌లెస్ అతికించాలంటే 309ఎల్ అనే జవాబు తడుముకోకుండా రావాలి. "ఏ రాడ్డయినా ఒకటే అన్నా" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

నాలుగు పైపులు కలెక్టర్‌కి అతికాక లోపల చూడటం కష్టం. అందుకే పైపులు నిలపడానికి చుక్కల్లా వెల్డింగ్ (ట్యాకులు) వేసినప్పుడు ఒకసారి, ఒక్కో పైపు పూర్తయ్యాక ఒకసారి ఫొటో అడగండి, అదీ లోపలివైపు. వెల్డింగ్ వెనక తెల్లగానో, లేత బంగారు రంగులోనో నున్నగా ఉంటే పర్జింగ్ పెట్టినట్టు. నల్లగా గడ్డలు ఉంటే పెట్టనట్టు. ఫోన్ కెమెరా వైరు ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది, కొనుక్కోండి. ఫ్లాంజి మీద స్టీలు స్కేలు పెట్టి 0.1 ఎంఎం ఫీలర్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరుతుందేమో చూడండి. డై పెనెట్రెంట్ పరీక్ష చేయించమనండి. ఎర్ర రంగు స్ప్రే చేసి, తుడిచి, తెల్ల పొడి కొడితే చీలిక ఉన్నచోట ఎర్రగా పైకి వస్తుంది. సిల్వర్ పెయింటు కొట్టిన పీసుని తీసుకోకండి, ఆ పెయింటు కింద చీలికలు దాస్తారు. టర్బోకి కింద సపోర్టు బ్రాకెట్ ఉందా, అది పైపు సాగడానికి కొంచెం వదులు ఇస్తుందా అనేది కూడా చూడండి. దాని గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడరు, సగం మానిఫోల్డులు పగిలేది ఆ బరువుకే అని నా అభిప్రాయం. పల్చటి స్టెయిన్‌లెస్ మీద హీట్ ర్యాప్ (వేడి ఆపే గుడ్డ పట్టీ) చుట్టించుకోవడం కూడా వద్దు, వేడి లోపలే నిలిచి ఇంకా తొందరగా పగులుతుంది.

స్టెయిన్‌లెస్సే కావాలని పట్టుబట్టాల్సిన పని కూడా లేదు. షెడ్యూల్ 10 కంటే మందమైన షెడ్యూల్ 40 ఎం.ఎస్ బెండులతో చేసింది తుప్పు పట్టినా పల్చటి స్టీలు కంటే ఎక్కువ కాలం ఉంటుంది, సాగుడు కూడా తక్కువ. మీ ఇంజిన్‌కి పోత ఇనుము మానిఫోల్డ్ దొరికితే అసలు ఈ గొడవే వద్దు. నాకు బావ ఇప్పుడు షెడ్యూల్ 40తోనే చేస్తున్నాడు. మెరవదు, రీల్ తీస్తే ఒక్క లైకు రాదు.

బిల్లు సంగతి మరవకండి. "304, 2.77 ఎంఎం, 12 ఎంఎం ఫ్లాంజి" అని బిల్లు మీదే రాయించుకోండి. నోటి గ్యారంటీకి విలువ లేదు. నా దగ్గర ఆయన రాసిన వాట్సాప్ మెసేజులు, యూపీఐ రసీదు, కోసిన ముక్కలు ఉన్నాయి. వాటితోనే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చి, నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. 5 లక్షల లోపు విలువకు కోర్టు ఫీజు లేదు, జరిగిన రెండేళ్లలోపు వేయాలి. ఒంగోలు నుంచి ఒక కుర్రాడు స్విఫ్ట్ మానిఫోల్డ్ ఇలాగే అయిందని మెసేజ్ పెట్టాడు. ఇంకా ఎవరైనా ఉంటే పగిలిన పీసు ఆయనకు తిరిగి పంపకండి, కోటింగ్ వేయించకండి, అలాగే ఉంచండి. అడ్వాన్సు మాత్రమే ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లు లోపలి ఫొటోలు వచ్చేదాకా మిగతా డబ్బు వేయకండి. కలెక్టర్ మూసేశాం, ఇక ఫొటో కుదరదు అంటే, కెమెరా వైరు తీసుకుని మీరే వెళ్లి చూడండి.