దస్తావేజుల ఫైలును తేలికపరిచే ఘోస్ట్‌స్క్రిప్ట్

ఇంటి స్థలం దస్తావేజును, దాని లింకు పత్రాలను, పన్ను రసీదులను కలిపి 24 పేజీలను 300 డీపీఐలో (అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున) రంగుల్లో స్కాన్ చేయించి గృహరుణం కోసం న్యాయవాదికి పంపబోతే, పీడీఎఫ్ ఫైలు 31 ఎంబీ తేలింది. జీమెయిల్ ఒక ఉత్తరానికి జతచేయనిచ్చేది 25 ఎంబీ మాత్రమే. ఫైలు ఎక్కిస్తే నిమిషంలో చిన్నది చేసి ఇచ్చే వెబ్‌సైట్లకు కొదవ లేదు గానీ, వేలిముద్రలు, సంతకాలు, ఆధార్ నంబర్లు ఉన్న కాగితాలను ఎక్కడుందో తెలియని సర్వరుకు అప్పగించడానికి నాకు మనసొప్పలేదు. అందుకే నెట్ లేకుండా మన కంప్యూటరులోనే పనిచేసే ఘోస్ట్‌స్క్రిప్ట్‌ను ఎంచుకున్నాను.

1988లో మొదటిసారి విడుదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. నొక్కడానికి బొమ్మలు, మీటలు ఉండవు, ఆదేశాన్ని టైపు చేయాలి. కొత్తవారికి ఇదొక్కటే కష్టం.

కుదింపుకు ఇందులో సిద్ధంగా ఉన్న అమరికల్లో ‘స్క్రీన్’ బొమ్మలను 72 డీపీఐకి, ‘ఈబుక్’ 150 డీపీఐకి దించుతాయి. స్క్రీన్‌తో ఫైలు బాగా చిక్కింది, కానీ తెలుగు పాడైంది. అమ్మకందారు పేరు ‘రామనాథం’లో థకారపు నడిమి చుక్క కరిగిపోయి ధకారంగా కనిపించింది; సర్వే నంబరులోని 3 మూసుకుపోయి 8 అనిపించింది; పాత చేతిరాత పేజీల్లో ఒత్తులైతే మరకలయ్యాయి. ఇంగ్లీషు అక్షరాలు ఆ మసకలోనూ ఎలాగో చదవవస్తాయి గానీ, ఒక చుక్కతో, ఒక ఒత్తుతో అక్షరమే మారిపోయే మన లిపికి ఆ అమరిక పనికిరాదని నా అభిప్రాయం. ఈబుక్‌లో పిక్సెళ్లు మూల ప్రతిలో నాలుగో వంతుకు తగ్గినా చుక్కలూ ఒత్తులూ నిలిచాయి, ఫైలు 7 ఎంబీకి దిగింది. అందుకునేవారి మెయిల్ పెట్టె పరిమితి 10 ఎంబీయే అయితే 8 ఎంబీ ఫైలు కూడా చేరకపోవచ్చు, ఎందుకంటే జతచేసిన ఫైలు మెయిల్‌లో అక్షరాల రూపంలోకి మారి మూడో వంతు పెరుగుతుంది. ఆ లెక్కన 7 ఎంబీ సరిగ్గా సరిపోయింది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఘోస్ట్‌స్క్రిప్ట్ పాత ఫైలును సవరించదు, కొత్త ఫైలును రాస్తుంది. దానివల్ల ఈ-ఆధార్ వంటి పత్రాల్లోని డిజిటల్ సంతకం నిలవదు. అటువంటి వాటిని ఉన్నవి ఉన్నట్టుగా విడిగా జతచేసి, స్కాన్ చేసిన కాగితాలను మాత్రమే కుదించి, పంపే ముందు హద్దుల పేజీని రెట్టింపు పరిమాణంలో తెరిచి పేర్లను, అంకెలను ఒక్కొక్కటిగా మూల ప్రతితో సరిచూసుకోవాలి.