ఎనిమిదిన్నర నెలలు ఆగి తెచ్చుకున్న ట్రెక్కింగ్ బ్యాగు: మూడున్నరేళ్లు మోశాక

2021 జూన్ 10న డబ్బు కట్టాను. బ్యాగు నా చేతికి వచ్చింది 2022 ఫిబ్రవరి 24న. ఆ మధ్యకాలం ఎలా గడిచిందో, వచ్చాక మూడున్నరేళ్లుగా ఆ బ్యాగు ఎలా పనిచేసిందో రెండూ రాస్తున్నాను. తేలికపాటి ట్రెక్కింగ్ సామాను కోసం ప్రీ-ఆర్డర్ పెట్టి ఎదురుచూస్తున్నవాళ్ళు నాకు తెలిసి మన విజయవాడలోనే ఐదారుగురు ఉన్నారు. కనిపించినప్పుడల్లా అడుగుతారు: "అన్ని నెలలు ఆగితే ఆగినందుకు ఫలితం ఉందా అక్కా?"

గవర్నర్‌పేటలో జాకెట్లు, డ్రస్సులు కుట్టే షాపు నాది. నాలుగు మిషన్లు, ముగ్గురు మాస్టర్లు. ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకల్లా కొండపల్లి కొండ కింద ఉంటాను. పద్నాలుగేళ్లుగా అలవాటు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర ఆ చుట్టుపక్కల అడవిదే. ఆ కర్ర ఎంత తేలికో చేతిలో పట్టుకున్నవాళ్ళకి తెలుసు. అదే అడవిలో నేను రెండు కిలోల ఖాళీ బ్యాగు మోస్తూ తిరిగేదాన్ని.

నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక ఉంటుంది కదా, అక్కడి నుంచి తుంటి ఎముక పై అంచు దాకా టేపు పెడితే నా వీపు కొలత 15న్నర అంగుళాలు. ఇక్కడి షాపుల్లో నాకు దొరికినవన్నీ అంతకన్నా పొడవే. బ్యాగు పొడవైతే నడుము పట్టీ తుంటి మీద కూర్చోదు, కిందికి జారుతుంది. ఇక బరువంతా భుజాలదే. నాకు మెడ నొప్పి ముందు నుంచీ ఉంది. అందుకే నా కొలతకి కుట్టి ఇచ్చే బ్యాగు కావాలనుకున్నాను. విదేశంలో ఒక చిన్న వర్క్‌షాపు వాళ్ళు కొలతలు తీసుకుని కుడతారని తెలిసి, వాళ్ళకి ఆర్డర్ పెట్టాను. పేరు చెప్పను. నలుగురైదుగురు కలిసి నడుపుకునే చిన్న పని అది.

బ్యాగు ధర మన డబ్బుల్లో 16,500. పంపించడానికి 3,200. ఇక్కడికొచ్చాక కస్టమ్స్ సుంకం, కొరియర్ చార్జీలు కలిపి ఇంకో 8,000 పైచిలుకు. మొత్తం 28 వేలు దగ్గర దగ్గర. బయట దేశం నుంచి తెప్పించుకునేవాళ్ళు బ్యాగు ధర ఒక్కటే చూసి లెక్క వేసుకోవద్దు.

ఆర్డర్ పెట్టినప్పుడు 12 నుంచి 14 వారాలన్నారు. అంటే సెప్టెంబర్ మధ్యకల్లా రావాలి. డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి వెళ్ళాలని నేనూ నా స్నేహితురాలూ అనుకున్నాం. మూడు నెలల తేడా ఉంది, సరిపోతుందిలే అనుకున్నాను. ఆగస్టు చివర మొదటి మెయిల్ వచ్చింది: గుడ్డ మిల్లు నుంచి ఇంకా రాలేదు. అక్టోబర్‌లో రెండోది: గుడ్డ వచ్చింది కానీ కుట్టే ఇద్దరిలో ఒకరికి కోవిడ్. ఈ రెండింటికీ నాకు కోపం రాలేదు. మా షాపులోనూ ఆ ఏడాది అదే పరిస్థితి.

ఆ తర్వాత ఏడు వారాలు మాట లేదు. మూడు మెయిళ్ళు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. పెట్టిన డబ్బు పోయిందా, షాపు మూసేశారా, నా కొలతల కాగితం ఎక్కడైనా పడిపోయిందా? రోజూ పొద్దున ఫోన్ చూసుకోవడం, టెన్షన్ పడడం. ఆలస్యం కన్నా ఈ మౌనమే నన్ను ఎక్కువ కుంగదీసింది. పెళ్ళికి రెండు రోజుల ముందు జాకెట్టు కోసం మా షాపు మెట్ల మీద నిలబడే ఆడపిల్ల మొహం నాకు బాగా తెలుసు. "ఇంకా అవలేదమ్మా, శుక్రవారం ఇస్తాం" అని చెబితే తిట్టుకుంటుంది, కానీ ఇంటికెళ్ళి నిద్రపోతుంది. ఫోన్ ఎత్తకపోతే నిద్ర ఉండదు. ఆ ఏడు వారాల తర్వాత మా షాపులో ఒక పద్ధతి పెట్టాను. ఆలస్యం అవుతుందని తెలిసిన రోజే మేమే ఫోన్ చేసి చెబుతాం.

డిసెంబర్ వచ్చింది, బ్యాగు రాలేదు. ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రీలో అద్దెకి బ్యాగు తీసుకున్నాను. 60 లీటర్లది, మగవాళ్ళ సైజు, ఖాళీగానే రెండున్నర కిలోలుంటుంది. రెండో రోజుకి మెడ పట్టేసింది. శిఖరానికి బయల్దేరే రాత్రి మూడు గంటలకి నా స్నేహితురాలు హెడ్‌లైటు పెట్టుకుని వెళ్ళింది, నేను టెంటులో పడుకున్నాను. ఆమె ఇప్పుడు కెనడాలో ఉంది. నేను 2023 డిసెంబర్‌లో మళ్ళీ వెళ్ళి, 12,500 అడుగుల ఎత్తున్న ఆ శిఖరం ఎక్కాను. పక్కన ఆమె లేదు. బ్యాగు ఆలస్యం వల్ల నాకు జరిగిన అసలు నష్టం అదే. డబ్బు లెక్కలో అది ఎక్కడా కనిపించదు.

ఫిబ్రవరిలో కొరియర్ వాళ్ళ మెసేజ్ వచ్చింది: ఆధార్ కాపీ పంపండి, సుంకం కట్టండి. నాలుగు రోజుల తర్వాత అట్టపెట్టె ఇంటికొచ్చింది.

పెట్టె విప్పగానే కుట్లు చూశాను. వృత్తి అలవాటు. పట్టీలు బ్యాగుకి కలిసే ప్రతిచోటా బార్‌టాక్ ఉంది. జీన్స్ ప్యాంటు జేబు మూలల్లో దగ్గర దగ్గరగా అడ్డంగా పడే గట్టి కుట్టు, అదే. దారం మంచిది. అంచులన్నీ లోపల పట్టీ వేసి మూసేశారు, ఒక్క పోగు కూడా బయటికి రాలేదు. బరువు 540 గ్రాములన్నారు, పక్క కిరాణా కొట్టు కాటాలో పెడితే 562 వచ్చింది. కొలతకి కుట్టినదానికి ఆ 22 గ్రాముల తేడా నేను పట్టించుకోను. లోపల 38 లీటర్లు పడుతుంది.

గుడ్డ 210 డెనియర్ నైలాన్. డెనియర్ అంటే చాలామంది మందం అనుకుంటారు. అది దారం బరువు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అలిపిరి నుంచి తిరుమలకి మెట్ల దారి సుమారు 9 కిలోమీటర్లు. ఆ దారి పొడవునా ఒకే పోగు పరిస్తే అది 210 గ్రాములు తూగాలన్నమాట. మనం కట్టుకునే పట్టుచీరల్లో ముడిపట్టుని 20/22 డెనియర్ అంటాం, అదీ ఇదే లెక్క. ఈ నైలాన్‌లో కొన్ని మిల్లీమీటర్లకొకటి చొప్పున లావు పోగు నిలువునా అడ్డంగా వేసి గళ్ళుగా నేస్తారు. ముల్లు గుచ్చుకుని చిరిగినా, చిరుగు పక్క గడి దగ్గర ఆగుతుంది.

ఇందులో ఫ్రేము, అంటే వీపు వైపు బ్యాగుని నిటారుగా ఉంచే గట్టి చట్రం, లేదు. పడుకునే ఫోమ్ చాపని మడిచి వీపు వైపు పెట్టుకుంటే అదే ఫ్రేము. ఇలాంటి బ్యాగు కొనేవాళ్ళు ముందు తమ సామాను తూచుకోవాలి. తిండి, నీళ్ళు, ఇంధనం కాకుండా మిగతా సామానంతా కలిపి నాలుగున్నర కిలోల లోపు ఉంటే దాన్ని అల్ట్రాలైట్ అంటారు. నాది 4.9 దగ్గర ఆగింది. ఎనిమిది కిలోల వరకు ఈ బ్యాగు నా వీపు మీద ఉన్నట్టే అనిపించదు. తొమ్మిది దాటితే భుజాలు చెబుతాయి. మన ఎండల్లో అసలు బరువు నీళ్ళే. ఏప్రిల్‌లో కొండపల్లి ఎక్కాలంటే నేను మూడు లీటర్లు పట్టుకెళ్తాను, మూడు కిలోలు అక్కడే అయిపోయాయి. అందుకే మనవాళ్ళకి తేలిక బ్యాగు సోకు కాదని నేను గట్టిగా చెబుతాను. బ్యాగు బరువులో తగ్గించిన ప్రతి కిలో ఒక లీటరు నీళ్ళవుతుంది.

చెమట సంగతి కూడా చెప్పాలి. ఫోమ్ చాప వీపుకి అంటుకునే ఉంటుంది, గాలి ఆడదు. మే నెలలో పావుగంటకే చొక్కా తడిసిపోతుంది. ఇంటికొచ్చాక పట్టీల మీద తెల్లటి ఉప్పు చారలు. మంచి నీళ్ళతో కడగకపోతే పట్టీలు గరుకెక్కి భుజం ఒరుసుకుంటుంది. చల్లటి దేశంలో కూర్చుని కుట్టినవాళ్ళకి ఈ ఇబ్బంది తట్టి ఉండదు.

ఈ బ్యాగుకి నిజమైన పరీక్ష కొండ మీద జరగలేదు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి ఊరి మీద పడింది. సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్ళిల్లు మొదటి అంతస్తు. కింద వాటా మొత్తం నీళ్ళలో ఉంది, కరెంటు లేదు, బాబాయికి బీపీ, షుగర్ మాత్రలు అయిపోయాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుంటే, నేనూ మా తమ్ముడూ సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి కొంత దూరం ట్రాక్టర్ మీద, మిగతాది నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళాం. బ్యాగులో ఆరు లీటర్ల నీళ్ళు, మాత్రలు, పాల పొడి, బ్రెడ్, కొవ్వొత్తులు, రెండు పవర్ బ్యాంకులు. పదకొండు కిలోలు ఉంటుంది.

నీళ్ళు నడుము పైకి వచ్చాయి. నడుము పట్టీ, ఛాతీ క్లిప్పు రెండూ తీసేసి దిగాను. కొండ వాగులు దాటేటప్పుడు నేర్చుకున్న జాగ్రత్త అది: కాలు జారితే బ్యాగు వదిలేసి బయటపడగలగాలి. ఆ బరువంతా భుజాల మీదే మోశాను, నొప్పి వారం రోజులుంది. కానీ బ్యాగు వీపుకి హత్తుకుని ఉండబట్టి అటూ ఇటూ ఊగలేదు, రెండు చేతులతో గోడలు పట్టుకుని నడవగలిగాను. ఈ బ్యాగు కుట్లకి లోపల టేపు వేయలేదు, సూది పడిన చోటల్లా నీరు చెమరుస్తుంది. ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి లోపల పెద్ద చెత్త కవరు వేసి మూతి మెలిపెట్టి కట్టాను. మాత్రల అట్ట మీద ఒక్క చుక్క తడి లేదు. పిన్ని ఆ కవరు విప్పుతున్నప్పుడు ఏడ్చింది. ఆ ఎనిమిదిన్నర నెలల కోపం నాలో ఏమైనా మిగిలుంటే ఆ మెట్ల మీద పోయింది.

తర్వాత నాలుగు రోజులు ఇలాగే తిరిగాం. బురద వాసన పోవడానికి బ్యాగుని సబ్బు నీళ్ళలో మూడుసార్లు నానబెట్టి నీడలో ఆరేశాను. మిషన్‌లో వేయలేదు.

అరుగుదల గురించి. రెండేళ్ళు తిరిగేసరికి ఎడమ భుజం పట్టీ పై కుట్టు విడింది. మా పెద్ద మాస్టారికి చూపిస్తే తిప్పి తిప్పి చూసి, "కుట్టు బాగానే వేశారమ్మా, లోపల మార్జిన్ తక్కువ వదిలారు. గుడ్డ జారిపోయింది" అన్నారు. 18 నంబర్ సూది, నైలాన్ దారం పెట్టి, లోపల చిన్న ముక్క ఊతం వేసి కుట్టారు. మళ్ళీ విడలేదు. పక్క వల జేబుని మొదటి ఏడాదే రేగు ముళ్ళు చీల్చేశాయి, మన అడవులకి వల జేబు పనికిరాదు. మామూలు గుడ్డ జేబు అడిగి పెట్టించుకోండి. నీళ్ళు ఇంకకుండా గుడ్డకి లోపల వేసిన పూత ఇప్పుడు అక్కడక్కడా జిగురుగా అయి పొరలు లేస్తోంది. పాలియురెతేన్ పూతకి వేడీ తేమా కలిస్తే పడదు, మన ఊళ్ళో రెండూ దండిగా ఉన్నాయి. నేను రెండు వేసవులు దాన్ని అటక మీద పడేశాను, అది నా పొరపాటు. గాలి తగిలే చోట వేలాడదీసి ఉంటే ఇంకొన్నాళ్ళు ఆగేది.

ప్రీ-ఆర్డర్ పెట్టాలనుకునేవాళ్ళకి కుట్టు పనిలో ఉన్న మనిషిగా ఒక మాట. ఇలాంటి బ్యాగు కుట్టడానికి నెలలు పట్టవు. చేయి తిరిగినవాళ్ళకి ఒకటి రెండు రోజుల పని. పట్టేదంతా గుడ్డ కోసం. చిన్నవాళ్ళ దగ్గర తానులు కొని నిల్వ పెట్టుకునే డబ్బుండదు, మన అడ్వాన్సులన్నీ పోగేసి మిల్లుకి ఆర్డర్ ఇస్తారు. కాబట్టి వాళ్ళు చెప్పే తేదీ చాలాసార్లు మిల్లు చెప్పిన తేదీ. "ఎప్పుడిస్తారు?" అని అడిగితే ఆశ చెబుతారు. "నా బ్యాగు గుడ్డ ఇప్పుడు మీ బల్ల మీద ఉందా?" అని అడగండి. ఉందంటే వాళ్ళు చెప్పిన వారాలు నమ్మవచ్చు. లేదంటే ఆ బ్యాగుని నమ్ముకుని టికెట్లు కొనకండి. నేను కొన్నాను.

మామూలు సైజు సరిపోయేవాళ్ళు ఇంత ఆగనక్కర్లేదు, షాపులో ఉన్నది భుజాన వేసి చూసి కొనుక్కోండి. నాలాగా కొలత కుదరనివాళ్ళకి, మెడో నడుమో నొప్పి ఉన్నవాళ్ళకి మాత్రం ఆగమనే చెబుతాను. ఈ మూడున్నరేళ్ళలో నాకు మెడ పట్టేసింది ఒక్కసారే, ఆ వరద వారంలో.

అడుగు భాగం కొండపల్లి రాళ్ళకి ఒరుసుకుని పల్చబడింది, వెలుతురుకి పెడితే అవతల చెయ్యి కనబడుతోంది. నిన్న మాస్టారు కొలత తీసుకున్నారు. కార్తీక మాసం లోపు కొత్త అడుగు వేసి ఇస్తానన్నారు. గుడ్డ షాపులోనే ఉంది.