చవకగా దొరికిన పాత పైపు ఆర్గన్: 14 ఏళ్లు వాయించాక

మా చర్చిలోకి వచ్చేనాటికే ఈ ఆర్గన్‌కు నూరేళ్లు నిండాయి. ఆ తర్వాత 14 ఏళ్లుగా వారం వారం దాని ముందు కూర్చుంటున్నాను. ఈలోపు దాని తోలు చిరిగింది, చెక్క బిగుసుకుంది, నిశ్శబ్ద ప్రార్థన మధ్యలో నా పరువు తీసింది, మళ్లీ దారికొచ్చింది. అందుకని ఇప్పుడు దాని గురించి నాలుగు మాటలు రాసే హక్కు నాకు వచ్చిందనుకుంటున్నాను.

పాత పైపు ఆర్గన్ చవకా కాదా అన్నది అమ్మేవాళ్లు చెప్పే ధరను బట్టి తేలదు. లోపల ఎంత తోలు ఉంది, మీ కప్పు ఎంత ఎత్తులో ఉంది, వేలు నొక్కే మెట్టుకూ మోగే గొట్టానికీ మధ్య ఏముంది అన్నవాటిని బట్టి తేలుతుంది. ఈ సంగతి మాకు కొంత ముందే తెలిసింది, కొంత దెబ్బ తిన్నాక తెలిసింది.

దీనికి ముందు మా దగ్గర ఎలక్ట్రానిక్ ఆర్గన్ ఉండేది. బాగానే పాడేది. ఒకరోజు లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోయింది, అలాంటి బోర్డు తయారీ ఎప్పుడో ఆగిపోయిందని చెప్పారు. పెట్టె చెక్కుచెదరలేదు, మెట్లు చెక్కుచెదరలేదు, అయినా అది చనిపోయింది. పైపు ఆర్గన్‌కు అలాంటి చావు లేదు. చెక్క, తోలు, తగరం, సీసం తెలిసిన మనిషి ఉన్నంత కాలం దాన్ని బతికించుకోవచ్చు. స్విట్జర్లాండ్‌లోని సియోన్ పట్టణంలో వాలేర్ బసిలికా ఆర్గన్ 15వ శతాబ్దం నాటిది, ఇప్పటికీ వాయిస్తున్నారు. ఈ ఒక్క ఉదాహరణతో సంఘ పెద్దలు మెత్తబడ్డారు. డబ్బు సంగతి వచ్చేసరికి మళ్లీ గట్టిపడ్డారనుకోండి.

పాతవి దొరకడం కష్టం కాదు. బ్రిటన్, నెదర్లాండ్స్, జర్మనీ, అమెరికా వంటి చోట్ల చర్చిలు మూతబడుతున్నాయి, ఒకదానిలో ఒకటి కలుస్తున్నాయి. వాటిలోని ఆర్గన్లకు ఇల్లు కావాలి. అమెరికాలో ఆర్గన్ క్లియరింగ్ హౌస్ 1961 నుంచి ఇదే పనిలో ఉంది. బ్రిటన్‌లోని ఆర్గన్ల వివరాలు నేషనల్ పైప్ ఆర్గన్ రిజిస్టర్‌లో చూసుకోవచ్చు: ఎన్ని స్టాపులు (గొట్టాల వరుసలు), ఎవరు కట్టారు, మధ్యలో ఎవరు మార్చారు. ఆ మూడో వివరాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నేను ముందు చూసేది అదే. ఎక్కువ చేతులు పడిన ఆర్గన్ ఎక్కువ మంది వైద్యులు చూసిన రోగి లాంటిది. ఇంత పెద్ద వస్తువు ఊళ్లు మారుతుందా అనే అనుమానం అక్కర్లేదు. 1870లో అమెరికాలోని వోబర్న్‌లో ఒక చర్చి కోసం హుక్ సోదరులు కట్టిన ఆర్గన్ ఇప్పుడు బెర్లిన్‌లోని హైలిగ్ క్రాయిట్స్ చర్చిలో మోగుతోంది. ఒక్క జాగ్రత్త: పాత ఆర్గన్ల మెట్లకు ఏనుగు దంతం పొదిగి ఉండవచ్చు. అలాంటిదాన్ని దేశం దాటించాలంటే అంతరించిపోయే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కింద అనుమతి తీసుకోవాలి.

మాకు మొదట దొరికింది ఉచితం. మూడు కీబోర్డులు, 30 స్టాపులు. వచ్చి తీసుకెళితే చాలన్నారు. స్టాపు అంటే ఒకే గొంతున్న గొట్టాల వరుస; ఆ వరుసను పలికించడానికి లాగే పిడినీ స్టాపు అనే అంటారు. వేణువు లాంటిది ఒకటి, తీగ వాయిద్యాన్ని తలపించేది ఒకటి, ఇలా. 30 గొంతులని వినగానే పాస్టరు గారి కళ్లు మెరిశాయి. నేను లోపలికి దూరి చూశాను. అది విద్యుత్తు, గాలి రెండింటితో నడిచే ఎలక్ట్రో న్యూమాటిక్ పద్ధతి. అందులో ప్రతి గొట్టం కిందా బొత్తాం కంటే కాస్త పెద్ద తోలు సంచి ఒకటి ఉంది. 30 వరుసలు, వరుసకు 61 గొట్టాలు: 1830 సంచులు. అన్నీ ఒకే ఏడు అతికించినవి, అంటే అన్నీ ఒకే కాలంలో పోతాయి. అలాంటి తోలు మామూలుగా అర్ధ శతాబ్దం అటూ ఇటూగా పనిచేస్తుంది, కలుషితమైన గాలి ఉన్నచోట ఇంకా ముందే పొడి అవుతుంది. ఒకదాన్ని వేలితో తాకితే ఎర్రటి పొడి రాలింది.

"ఉచితంగా ఇస్తామంటే వద్దంటారేమిటండీ?" అన్నారు పాస్టరు గారు.

"ఏనుగును ఉచితంగానే ఇస్తారండీ, మేపవలసింది మనం" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. రెండు వారాలు కీర్తనల చీటీ నాకు మనిషితో పంపించారు.

రెండోది చూడముచ్చటగా ఉంది గానీ, దాని కాలి మెట్ల వరుసలో 16 అడుగుల తెరిచిన చెక్క గొట్టాలున్నాయి. మా కప్పు అంత ఎత్తు లేదు. లోహపు గొట్టాన్నైతే కోసి, మెడ వంచి అతకవచ్చు, చెక్కనూ కొంతవరకు అలా చేస్తారు, కానీ ఒక వరుస కోసం అంత హింస వద్దనుకున్నాం. ఇక్కడ భౌతిక శాస్త్రం పేదవాడి పక్షాన నిలబడుతుంది: పైకొన మూసిన గొట్టం సగం పొడవుతోనే అదే మంద్ర స్వరం పలుకుతుంది. 16 అడుగుల స్వరానికి 8 అడుగుల మూత గొట్టం చాలు. కప్పు తక్కువగా ఉన్న మందిరాలకు అదే దారి.

మూడోదే మాది. రెండు కీబోర్డులు, 9 స్టాపులు. ఎనిమిది వరుసలకు 56 చొప్పున, కాలి మెట్లకు 30, మొత్తం 478 గొట్టాలు. చేతి మెట్ల నుంచి, గొట్టాలు నిలబడే గాలిపెట్టె దాకా అంతా ట్రాకర్ పద్ధతి, అంటే సన్నని చెక్క పుల్లలు, తీగలు, కీలు కొయ్యలు. మెట్టు నొక్కితే పుల్ల లాగుతుంది, మూత తెరుచుకుంటుంది, గొట్టంలోకి గాలి వెళుతుంది. మధ్యలో కరెంటు లేదు, తోలు సంచి లేదు. విరిగితే కంటికి కనిపిస్తుంది. నచ్చింది ఇదే.

దాన్ని పరీక్షించడానికి ఒక పూట పట్టింది. అన్ని స్టాపులూ లాగి గట్టిగా వాయిస్తే ఏ ఆర్గన్ అయినా ఘనంగానే వినిపిస్తుంది. అమ్మేవాళ్లు అలాగే వాయించి వినిపిస్తారు. మీరు ఒక్క స్టాపు లాగి, ఒక్కో మెట్టు నొక్కి, తాపీగా వినండి. నేను నొక్కుతుంటే స్నేహితుడు పుస్తకంలో రాశాడు. 11 గొట్టాలు మూగవి. మూడు చోట్ల ఒక మెట్టు నొక్కితే పక్క గొట్టం కూడా సన్నగా గొణిగింది. ఈ గొణుగుడును తేలికగా తీసుకోకూడదు, గాలిపెట్టె చెక్క పగిలిందేమోనని అనుమానించాలి. మా అదృష్టం, అక్కడ స్టాపు లాగితే కదిలే జరుగు పలక వదులైందంతే. తర్వాత పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని ఆంగ్ల అక్షరం 'యు'లా వంచి, రంగునీళ్లు పోసి గాలి ఒత్తిడి కొలిచాం. రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడా 82 మిల్లీమీటర్లు చూపించింది. అంత చిన్న ఆర్గన్‌కు ఎక్కువనిపించి తిత్తి మీదికి టార్చి వేస్తే, కట్టినవాళ్లు పెట్టిన ఇనుప దిమ్మెల పక్కన రెండు ఇటుకలున్నాయి! తిత్తి మూలల్లో తోలు చిరిగి గాలి కారుతుంటే, ఎవరో మహానుభావుడు తోలు మార్చకుండా బరువు పెంచాడు. తోలు మార్పించి ఇటుకలు తీసేశాక 70కి దిగింది, అరుస్తున్న గొట్టాలు పాడటం మొదలుపెట్టాయి. ఆ ఇటుకలు ఇప్పుడు మా తలుపుకు అడ్డుగా ఉన్నాయి.

పుచ్చు కూడా చూసుకోండి. చెక్కలో సన్న రంధ్రాలుంటే భయపడనక్కర్లేదు, వాటి కింద తాజా పొడి రాలి ఉంటే భయపడాలి. పాత బ్లోయర్ (గాలి ఊదే మోటారు) పెట్టెల లోపల ఆస్బెస్టాస్ పరిచి ఉండే అవకాశం ఉంది కాబట్టి ముందు పరీక్ష చేయించకుండా దాన్ని గోకవద్దు.

విప్పడం, తేవడం, నిలబెట్టడం గురించి ఎంతైనా చెప్పవచ్చు గానీ కుదించేస్తాను. ఆర్గన్ మేస్త్రి ఒకరు లేకుండా స్క్రూ కూడా తిప్పకండి. గొట్టాలను ఒకదాని మీద ఒకటి పేర్చకండి. సీసం పాలు ఎక్కువున్న లోహం బొటనవేలి ఒత్తిడికే సొట్టపోతుంది. గొట్టం పెదవి దగ్గర సొట్ట పడితే గొంతే మారిపోతుంది. ఉత్సాహం కొద్దీ సాయానికి వచ్చిన కుర్రవాళ్లు రెండు గొట్టాలను తళతళలాడేలా తోమి పెట్టారు. వాళ్లను తిట్టలేకపోయాను. నేల ఆ బరువు మోస్తుందో లేదో ఇంజనీరుతో చూపించాం, కింద రెండు దూలాలు వేయవలసి వచ్చింది. అన్నీ కలిపి చూసుకుంటే కొన్న ధర మొత్తం ఖర్చులో పదో వంతు కూడా లేదు. తక్కినదంతా తోలు, లారీ, దూలాలు, మేస్త్రి కూలి.

మా పెద్ద తప్పు బ్లోయర్. చప్పుడు వినపడకూడదని దాన్ని బయట షెడ్డులో పెట్టాం. మోటారు బయటి గాలిని పీల్చి లోపలి గొట్టాల్లోకి ఊదేది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గొట్టం శ్రుతి సుమారు 3 సెంట్లు పైకి పోతుంది, అంటే అర్ధస్వరంలో నూటికి మూడు వంతులు. బయటికీ లోపలికీ 8 డిగ్రీల తేడా ఉంటే శ్రుతి పావు అర్ధస్వరం దాకా జరగవచ్చు. అదీ అన్ని గొట్టాలకూ ఒకేలా కాదు. మొదటి కీర్తనకు సరిగ్గా ఉన్నది మూడో కీర్తనకు పుల్లగా మారేది. మూడేళ్లు నా చెవినే అనుమానించాను. నాలుగో ఏట బ్లోయర్‌ను లోపలికి తెచ్చి, చప్పుడు పీల్చే మందపాటి పెట్టెలో పెట్టి, మందిరంలోని గాలినే పీల్చేలా చేశాం. జబ్బు మాయమైంది.

ఓబో అనే రీడ్ వరుస, అంటే గాలికి అదిరే లోహపు నాలుకలున్న గొట్టాల వరుస, సంగతి వేరు. మిగతా గొట్టాలు వేడికి పైకి పోతే అది దాదాపు ఉన్నచోటే ఉంటుంది, వినేవాళ్లు దాని శ్రుతే చెడిందంటారు. నెలకోసారి ఆ నాలుకను అదిమి పట్టే తీగను తట్టి శ్రుతి చేస్తాను. ఆరాధన వేళ ఉండే వేడిలోనే చేయాలి, చేత్తో గొట్టాన్ని ఎక్కువసేపు పట్టుకోకూడదు. అరచేతి వేడికే శ్రుతి మారుతుంది.

మొదట్లో నా పరువు తీసిందన్నాను కదా, ఆ సంగతి. రెండో ఏడు, అందరూ తల వంచి మౌనంగా ప్రార్థిస్తుండగా పై సా ఒక్కటి తనంతట తాను మోగడం మొదలైంది. దీన్ని సైఫర్ అంటారు; మూత కింద నలుసు ఇరుక్కుంటే చాలు. కంగారులో ఆ మెట్టును పదిసార్లు కొట్టాను. చేయవలసింది అది కాదు, ఆ కీబోర్డుకు చెందిన స్టాపులన్నీ లోపలికి నెట్టేయాలి, గొంతు ఆగిపోతుంది. ఇప్పుడైతే కళ్లు తెరవకుండానే చేస్తాను.

ఆరో ఏట కాలి మెట్లు మొరాయించాయి. మా ఆర్గన్‌లో తోలు సంచులున్నది ఆ ఒక్క భాగంలోనే: సీసపు సన్న గొట్టాల గుండా గాలి పంపే న్యూమాటిక్ పద్ధతి అది. 30 సంచులు మార్పించాం. 1830 అయివుంటే ఏమయ్యేదోనని ఆ రోజు పాస్టరు గారే అన్నారు. నేను ఏమీ అనలేదు, ఆనందించాను.

గాలిలో తేమ 45 నుంచి 60 శాతం మధ్య ఉంటే అది సుఖంగా ఉంటుంది. అంతకంటే ఎండితే చెక్క బీటలిస్తుంది, తడిస్తే మెట్లు బిగుస్తాయి. ఆరాధనకు గంట ముందు మాత్రమే హీటరో ఏసీయో పెట్టి ఆపేసే అలవాటు అన్నిటికంటే చేటు.

ఇక ధ్వని. బాహాటంగా చెప్పాలంటే దీనికి లోపాలున్నాయి. గణగణలాడే మిక్స్చర్ స్టాపు లేదు. కాలి మెట్లకు ఒకే 16 అడుగుల స్వరపు బూర్డన్ (మూత గొట్టాల వరుస) ఉంది, అందుకని రెండు చేతులూ కాళ్లూ వేర్వేరు రాగాలు వాయించే బాఖ్ ట్రియోలు వాయించాలంటే పై కీబోర్డుతో కలపాలి, కలిపితే మెట్లు బరువెక్కుతాయి. ఫ్రెంచి రొమాంటిక్ సంగీతం దీని మీద అతికినట్టు ఉండదు. ధ్వనిని పెంచి తగ్గించే తలుపుల తొక్కుడు కొయ్య పాత రకం: తెరిచి ఉంచడం, మూసి ఉంచడం, అంతే. మధ్యలో నిలపాలంటే కాలితో పట్టుకుని కూర్చోవాలి.

కానీ ఆర్గన్ అసలు గొంతైన 8 అడుగుల డయపాసన్ స్టాపు ఒక్కటి లాగి కీర్తన మొదలుపెడితే జనం గొంతు విప్పుతారు. పాత ఎలక్ట్రానిక్ పెట్టెతో వాళ్లు వినేవాళ్లు, దీనితో పాడుతున్నారు. అందులో స్పీకరు నుంచి మోత వచ్చేది. ఇందులో గదిలోని గాలే కదులుతుంది, చరణం చివర వేలు ఎత్తగానే గొట్టం కింది మూత మూసుకునే ఆ చిన్న శబ్దం నాకు వేలికొసకు తెలుస్తుంది. ఎంత నెమ్మదిగా నొక్కితే గాలి అంత మెత్తగా అందుకుంటుంది. ఇది ట్రాకర్ వాయించినవాళ్లకు చెప్పనక్కర్లేదు, వాయించనివాళ్లకు చెప్పలేను.

మళ్లీ కొనవలసి వస్తే ఇంకా చిన్నది కొంటాను, 6 స్టాపులు చాలు. కాలి మెట్లు కూడా ట్రాకర్‌వే కావాలంటాను. బ్లోయర్ స్థలం మొదటి రోజే నిర్ణయిస్తాను. ఏటా కానుకల్లోంచి కొంత తిత్తి తోలు కోసమని పక్కన పెట్టించే తీర్మానం కొనకముందే చేయిస్తాను, కొన్నాక ఎవరూ ఒప్పుకోరు.

పోయిన ఆదివారం ఓబోలో పైనుంచి నాలుగో మెట్టు మూగబోయింది. రీడ్‌లో ఈగ ఇరుక్కుని ఉంటుంది, ఇంతకుముందూ రెండుసార్లు అదే. శనివారం గొట్టం తీసి దులపాలి.